గడియారానికి మోరాగే కీ ఇవ్వాలి

లూయిస్ దీవి పడమటి ఒడ్డు, హామర్‌విక్ గ్రామం, ఏడో నంబరు కౌలు భూమిలో కాపురముంటున్న, కీర్తిశేషుడు టోర్మడ్ మెకాలే భార్యనైన ఎఫీ మెకాలే అను నేను, డెబ్బై ఒకటో ఏట, నా స్వహస్తంతో రాసి ఉంచిన వీలునామా.

నాకు మతి స్థిమితంగా ఉంది. ఈ మాట నేనంటే చాలదని స్టోర్నోవే లాయరు గారు కబురు పెట్టారు. అందుకని నర్సు హెన్రియెటాను పిలిపించాను. ఆమె ఈరోజు ఏ వారమని అడిగింది, ఇప్పుడున్న రాజు పేరు అడిగింది. రెండూ చెప్పాను. అడగకపోయినా ఆమె పెళ్ళిలో ఆమె తల్లి ఏమని ఏడ్చిందో కూడా చెప్పాను. ఇక పరీక్ష చాలని నర్సు అంది. నా మీద ఎవరి బలవంతమూ లేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. కోపం మాత్రం ఉంది. కోపం మతిచాంచల్యం కిందికి రాదని లాయరు గారి దగ్గర ముందే తెలుసుకున్నాను. గుండె ఈ చలికాలం రెండుసార్లు మొరాయించింది కాబట్టి ఇక ఆలస్యం చేయదలచలేదు. ఇంతకు ముందు నేను రాశానని ఎవరైనా ఏ కాగితం చూపించినా అది చెల్లదు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత బడిపంతులు ఫార్కర్ గారికి ఇస్తున్నాను. ఆయన గొంతు గది చివరిదాకా వినబడుతుంది. నా శవపేటిక ఇంట్లో ఉండగానే, మగవాళ్ళు దాన్ని ఎత్తకముందే, వంటింట్లో అందరికీ వినబడేలా దీన్ని చదవాలి. సమాధి చేసి వచ్చాక చూద్దాంలే అని ఎవరన్నా ఒప్పుకోకూడదు. అలా అయితే నా మరిది రోరీ స్మశానం నుంచి అటే ఇంటికి వెళ్ళిపోతాడు. పేటిక కదలకముందు లేచి వెళ్ళడం మాత్రం అతని వల్ల కాదు, ఊరంతా చూస్తుంది. చదువుతున్నంతసేపూ ఎవరూ కీర్తన ఎత్తుకోకూడదు. ఈ షరతు ఎందుకు పెట్టానో కింద తెలుస్తుంది.

2. ఏడో నంబరు కౌలు హక్కు, దాని మీద ఉన్న ఇల్లు, కొట్టం, బ్లారాగ్ అనే ఆవు, దాని దూడ, కొండమీద నా గుర్తు ఉన్న గొర్రెలు, ఇంట్లోని సామాను, వీటన్నిటినీ నా కొడుకు ముర్డో భార్య మోరాగ్‌కు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నా సరే, చేసుకోకపోయినా సరే, ఈ హక్కుకు భంగం లేదు. ఈ సంగతి భూస్వామి కచేరీకి రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఈ భూమి తన కొడుక్కి వస్తుందని రోరీ చాలాకాలంగా అనుకుంటున్నాడు. మోరాగ్ మా రక్తం కాదు, కుటుంబం కాదు అని అతను అనబోతాడు. దూడ అడ్డం తిరిగినప్పుడు భుజం దాకా చెయ్యి పెట్టి తీసింది ఎవరో, నేను పక్షవాతంతో మూలపడి లేచిన చలికాలం నాకు స్నానం చేయించింది ఎవరో కచేరీ వాళ్ళు ఊళ్ళో ఎవరినైనా అడగవచ్చు. రోరీని కూడా అడగవచ్చు. అతను మా చర్చి సంఘ పెద్ద, అబద్ధమాడడు.

3. ఈ అంశం ఆస్తికి సంబంధించింది కాదు. ఇలాంటివి వీలునామాలో రాయకూడదని లాయరు గారు అన్నారు. ఆస్తి సంగతి ఆయన చూసుకుంటారు, నా కోడలి సంగతి నేను చూసుకుంటున్నాను. కింద రాసింది నా వాంగ్మూలం.

యుద్ధం రోజుల్లో లండన్ దొరలు వేసవిలో గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరపాలని చట్టం చేశారు. మా సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. గుడి పాత లెక్కనే నడిచింది, దానికి దేవుడి కాలం అని పేరు పెట్టారు. బడి, తపాలా కచేరీ, రేవుకొచ్చి చేపలు కొనుక్కుపోయే స్టీమరు కొత్త లెక్కన నడిచాయి. స్టీమరు ఎవరి కోసమూ ఆగదు. అందుకని పడవలున్న ఇళ్ళన్నీ వేసవిలో ముల్లు జరుపుకునేవి. ఆదివారం గుడికి మాత్రం కిక్కురుమనకుండా పాత లెక్కనే వెళ్ళేవాళ్ళం. పెద్దలకు ఇది తెలుసు, పెద్దల ఇళ్ళలోనూ ఇదే జరిగేది.

1923 జూన్‌లో ఒక ఆదివారం, అర్ధరాత్రి దాటి, ఏ పనీ ముట్టకూడని విశ్రాంతి దినం ముగియగానే, మా రేవు నుంచి రెండు పడవలు కదిలాయి. ఆ నెలలో మా దగ్గర రాత్రయినా చీకటి పడదు కాబట్టి నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక పడవలో నా భర్త టోర్మడ్, నా కొడుకు ముర్డో ఉన్నారు. రెండోది టోర్మడ్ తమ్ముడు రోరీ పడవ. కొత్త లెక్కన సోమవారం వచ్చేసింది, పాత లెక్కన ఆదివారం ఇంకా గంటసేపు మిగిలి ఉంది. అన్నదమ్ములు ఒకరి పడవకు ఒకరు సాయం పట్టారు. మా పడవను ఇసుక మీది నుంచి నీళ్ళలోకి నెట్టింది రోరీయే.

పొద్దున రోరీ పడవ నిండా చేపలతో తిరిగొచ్చింది. మా పడవ రాలేదు. గాలి లేదు, మంచు లేదు, అల కూడా లేదు. పడవకు ఆ వసంతంలోనే కొత్త పలకలు వేయించాం. టోర్మడ్ ఆ నీళ్ళలోనే పెరిగాడు. మరుసటి వారం ఒక తెడ్డు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనుషులు రాలేదు.

పరామర్శకు ఇల్లు నిండిపోయిన రోజున రోరీ వచ్చి టోర్మడ్ కుర్చీలో కూర్చున్నాడు. మోరాగ్ అప్పుడే టీ పళ్ళెం పట్టుకుని గదిలోకి వస్తోంది. ఆమె వినేలాగే అతను అన్న మాట ఇది: "వదినా, దేవుడి గంట దొంగిలిస్తే దేవుడు చూస్తూ ఊరుకుంటాడా? ఈ ఇంట్లో ముల్లు తిప్పిందెవరో అందరికీ తెలుసు."

పళ్ళెం పడిపోలేదు. మోరాగ్ ఒక్కొక్కరికీ కప్పు అందించింది, ఆఖరి కప్పు రోరీకి ఇచ్చింది, తర్వాత కొట్టంలోకి వెళ్ళిపోయింది. ఆమెకు అప్పుడు ఇరవై రెండేళ్ళు, పెళ్ళయి ఏడాది.

నేను ఊరుకోలేదు. నీ పడవ కూడా అదే గంటకు కదిలింది కదా, నీ ఇంట్లో ముల్లు ఎవరు తిప్పారని అందరి ముందూ అడిగాను. తనతో దేవుడికి ఇంకా ఏదో పని ఉందన్నాడు. ఆ పని ఏమిటో చూద్దామని అప్పటినుంచీ కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాను. నాకు కనబడింది, అతను మా భూమికి ఆనుకుని ఉన్న కంచెను ఏటా కొంచెం కొంచెం ఇటు జరపడం ఒక్కటే.

ముల్లు తిప్పమని మోరాగ్‌తో చెప్పింది నా భర్త. అతను పడవకు తారు పూస్తున్నాడు, చేతులు మురికిగా ఉన్నాయి. ఈ సంగతి ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. కానీ టోర్మడ్ చెప్పాడు కాబట్టి మోరాగ్ తప్పు లేదని నేను అనడం లేదు. అక్కడ తప్పు అనేదే లేదంటున్నాను. లండన్‌లో ఎవరో బల్ల మీద చెయ్యి చరిచి పుట్టించిన గంట కోసం నా భర్తనూ కొడుకునూ ముంచి, పక్క పడవను చేపలతో ఇంటికి పంపే దేవుణ్ణి నేను ఎరగను. ఆ దేవుణ్ణి రోరీ తన భయంతో తయారుచేసుకున్నాడు.

రోరీ మాట మోరాగ్ లోపలికి దిగిపోయింది. ఆ రోజు నుంచి ఆమె గుడిలో ఆఖరి బెంచీ దాటి ముందుకు రాలేదు, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళలేదు. కడుపుతో ఉన్నవాళ్ళ ఇంటికి వెళ్ళదు. ఎవరి కొత్త పడవ ఇసుక మీద ఉన్నా దూరంగా తిరిగి వస్తుంది. ఒకసారి ఇద్దరం పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డలు కోస్తుండగా, పార ఆపి, చాలా మామూలుగా అంది: "అత్తా, నేను ముట్టుకున్నది మునిగిపోతుంది."

ఆ మాట విన్నప్పుడు నా కొడుకు పోయిన రోజు కంటే ఎక్కువ ఏడ్చాను. నేను పోయాక ఈ ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆమె అదే మాట అనుకుంటూ ముసలిదైపోతుందేమోనని నా భయం. ఈ వీలునామా రాస్తున్నది ఆ భయంతోనే.

4. సంఘానికి మా వాటా నుంచి ఒక బండెడు ఎండిన పీట్ గడ్డలు ఇస్తున్నాను. గుడిలో ఆఖరి బెంచీ పక్కన పొయ్యి పెట్టిస్తేనే ఇవ్వాలి. ముందు వరుసల వాళ్ళకు వెచ్చని కోట్లున్నాయి.

ఇంతకంటే ఎక్కువ ఎందుకివ్వడం లేదో చెబుతాను. అప్పటి పాదిరి గారు వచ్చి, ఊరి గుండెలు మెత్తబడడానికి దేవుడు ఇద్దరిని తీసుకున్నాడని వివరించారు. ఊరి గుండెలు మెత్తబడడానికి ఇద్దరూ నా ఇంటి నుంచే కావలసి వచ్చారా అని అడిగాను. ఆయన టీ బాగుందన్నారు. ఫార్కర్ గారు కూడా వచ్చి పలక మీద సముద్ర ప్రవాహాలు గీసి చూపించారు. ఫార్కర్ గారూ, ఈ వాక్యం దాటేయకుండా చదవండి. మీరు గీసిన చోట ప్రవాహమే లేదని మా ముసలివాళ్ళు నవ్వారు. అయినా మీ కారణం మిగతావాటికంటే నయం, అందులో మోరాగ్ లేదు.

ఆ శరదృతువులో ప్రభువు బల్ల పండుగ వచ్చింది. శుక్రవారం మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి, నిజమైన విశ్వాసి గుర్తులేమిటో చెప్పే రోజు. ఆడవాళ్ళు వినాలి. ఒక్కొక్కరూ లేచి, దేవుడు తన వాళ్ళను ఎలా కాపాడతాడో, శిక్ష ఎవరికి ఎందుకు వస్తుందో చెబుతున్నారు. రోరీ కూడా చెప్పాడు. అతను కూర్చోగానే నేను లేచాను. "తిరిగొచ్చిన పడవకు వేరే ఆదివారం ఉందా?" అని అడిగాను. ఇంకో మాట అడగబోతుండగానే కీర్తన ఎత్తుకున్నారు. గుడి మొత్తం అందుకుంది. మా దగ్గర కూర్చునే పాడతారు. నేను కీర్తన అయ్యేదాకా నిలబడే ఉన్నాను. చిన్నప్పటినుంచీ నేను ప్రాణంగా పాడుకున్న కీర్తనను నా నోరు మూయడానికి వాడారు. దాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించినట్టు నటించి చావడం నాకు చేతకాదు.

శుక్రవారం నాకు దక్కనిది ఈ కాగితం మీద తీసుకుంటున్నాను. రోరీ, నువ్వు ఇప్పుడు కూర్చుని వింటున్నావు.

5. మరిది రోరీకి టోర్మడ్ ఆదివారం బూట్లు ఇస్తున్నాను. ఇద్దరి కాలూ ఒకటే కొలత. అన్న కోసం ఆ వారమంతా అతను ఒడ్డున రాళ్ళ మీద తిరిగాడు. బూట్ల అడుగులు ఊడిపోతే గోనె గుడ్డ చుట్టుకుని తిరిగాడు. అందరూ మానుకున్నాక కూడా తిరిగాడు. అది నేను మరిచిపోలేదు. కారణం కావలసింది నాకు కాదు, రోరీకి. ఒకే గంటకు వెళ్ళిన రెండు పడవల్లో ఒకటే తిరిగొచ్చింది, తిరిగొచ్చింది తనది. దానికి కారణం లేదంటే అతనికి నిద్ర పట్టదు, మళ్ళీ పడవ ఎక్కలేడు. అందుకని నా కోడలి మీద నేరం మోపి తను నిద్రపోయాడు. జాలిపడుతున్నాను, కానీ ఒప్పుకోను.

మోరాగ్ దొంగిలించిందని చెప్పిన ఆ గంట కోసం ఇల్లంతా వెదికాను. అటక మీద చూశాను, పిండి డబ్బాలో చూశాను. దొరకలేదు. నేను పోయాక ఎవరికైనా దొరికితే అది కూడా రోరీకే చెందుతుంది.

6. పక్కింటి పెగ్గీకి నీలం పువ్వుల టీపాట్ ఇస్తున్నాను. ఆమె కోళ్ళు నా బంగాళాదుంపల మడిని తవ్విపోస్తే మేము చెడామడా తిట్టుకున్నాం, రెండేళ్ళు మాట్లాడుకోలేదు. ఆమె పట్టుకెళ్ళిన నా ఇనప కుండ ఇప్పటికీ తిరిగి రాలేదు. అయినా పడవ రాని రోజున చెప్పకుండానే వచ్చింది. ఆవు పాలు పిండింది, పొయ్యి ఆరకుండా చూసింది, నా పక్కన కూర్చుంది. అందరూ ఏదో ఒకటి వివరించి వెళ్ళాక ఆమె ఒక్క మాటే అంది: "నాకేం తెలీదే ఎఫీ. పాలు కాచాను, తాగు."

పదిహేనేళ్ళలో నేను విన్న ప్రసంగాలన్నిటిలో నిలబడింది ఆ మాటే. ఇనప కుండ కూడా ఇకనుంచి ఆమెదే, ఎవరూ అడగకూడదు.

7. మగ్గం నేసే ఐవర్‌కు ఒక ఉన్ని స్వెటర్ ఇస్తున్నాను. ముర్డో కోసం మొదలుపెట్టి కుడిచెయ్యి అల్లకుండా ఆపేసింది. ఈ చలికాలం పూర్తి చేశాను. ఐవర్, గుడిలో నువ్వు ప్రార్థనకు నిలబడినప్పుడల్లా వెనక బెంచీ నుంచి నీ చేతుల పొడవు కంటితోనే కొలుచుకున్నాను. పాదిరి గారి ప్రార్థనలు పొడుగ్గా ఉండడం వల్ల నాకు కలిగిన లాభం అది. నువ్వు మోరాగ్‌ను రెండుసార్లు అడిగావని నాకు తెలుసు. ఆమె వద్దన్నది నువ్వు నచ్చక కాదు. తనను చేసుకుంటే నువ్వు చస్తావని భయపడి. మూడోసారి అడుగు. నూలు ఇచ్చే నెపంతో గుమ్మం దగ్గర నిలబడి గొణగకుండా లోపలికొచ్చి అడుగు.

8. నా ఆత్మను దేవుడికి అప్పగిస్తున్నాను. ఇది ఆచారం కోసం రాసిన వాక్యం కాదు. వాళ్ళిద్దరినీ ఎందుకు తీసుకున్నావని ఆయన్ను అడుగుతూనే ఉన్నాను. పాలు పిండుతూ అడిగాను, మోకాళ్ళ మీద అడిగాను, ఎవరూ లేనప్పుడు ఒడ్డున నిలబడి గట్టిగా అరిచి అడిగాను. జవాబు రాలేదు. నాకు చెప్పనిది రోరీ చెవిలో చెప్పి ఉంటాడంటే నమ్మను. కారణం ఉందో లేదో నాకు తెలియదు. అడగడానికి వెళ్ళినప్పుడల్లా నా మాట వినేవాడు అక్కడ ఉన్నాడనే అనిపించింది, ఎప్పుడూ నన్ను బయటికి గెంటలేదు, కీర్తన ఎత్తుకుని నా నోరు మూయలేదు. ఆయన్ను నమ్మడం మానేసి ఉంటే ఈ కోపం ఎప్పుడో చల్లారిపోయేది. ఇప్పుడు వెళుతున్నాను కాబట్టి ఎదురుగా నిలబడి మళ్ళీ అడుగుతాను. చెప్పకపోయినా ఆయన దగ్గరే ఉంటాను, నాకు వేరే చోటు అక్కర్లేదు.

9. ఇక మిగిలింది గోడ గడియారం.

ఇంట్లో చావు జరిగితే గడియారం ఆపడం, శవం సమాధికి వెళ్ళాక మళ్ళీ నడపడం మా పద్ధతి. ఆ సోమవారం సాయంత్రం దాన్ని ఆపింది మోరాగ్. శవాలు దొరకలేదు, సమాధి జరగలేదు. సమాధి జరగలేదు కాబట్టి గడియారం నడపలేదు. ప్రతి శనివారం దాని మీది దుమ్ము తుడుస్తుంది, కీ మాత్రం ముట్టదు. నేను ఎన్నోసార్లు చెప్పి చూశాను. నేనే నడిపితే ఏం లాభమని వదిలేశాను.

ఇప్పుడు ఈ ఇంటి నుంచి ఒక పేటిక బయలుదేరుతోంది. కొట్టుకొచ్చిన ఆ తెడ్డు కొట్టంలో తలుపు వెనక ఉంది. దాన్ని నా పేటికతో పాటు తీసుకెళ్ళి నా పక్కనే పూడ్చాలి. పాదిరి గారు టోర్మడ్ పేరు, ముర్డో పేరు, నా పేరు మూడూ పలకాలి. ముగ్గురికీ కలిపి ఇదే సమాధి. ఆ తెడ్డును రోరీయే మోయాలి. పడవను నీళ్ళలోకి నెట్టిన చెయ్యి దాన్ని ఒడ్డుకు చేర్చాలి.

మా ఊళ్ళో ఆడవాళ్ళు స్మశానానికి వెళ్ళరు. మగవాళ్ళు మలుపు తిరిగి కనబడకుండా పోయాక ఇంట్లో మీరే ఉంటారు. అమ్మాయ్ మోరాగ్, అప్పుడు బల్ల లాక్కుని ఎక్కు. కీ నా అల్లిక బుట్ట అడుగున ఉంది. పెగ్గీ బల్ల కదలకుండా పట్టుకుంటుంది. గడియారానికి నువ్వే కీ ఇవ్వాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఏ లెక్కన పెట్టుకుంటావో నీ ఇష్టం. వచ్చే నెల సర్కారు మళ్ళీ ముల్లు జరపమంటుంది, జరపాలనిపిస్తే జరుపు. దానివల్ల ఎవరూ మునగరు. నువ్వు ముట్టుకున్న ఆవు పాలిస్తోంది. నువ్వు ముట్టుకున్న మడి పండుతోంది. నువ్వు ముట్టుకున్న ఈ ముసలిది, భర్తా కొడుకూ పోయాక కూడా, నీ చేతి తిండి తిని పదిహేనేళ్ళు బతికింది.

మగవాళ్ళు తిరిగొచ్చి తలుపు తీసేసరికి గడియారం నడుస్తూ ఉండాలి. టీ పెగ్గీ పోస్తుంది, రోరీకి కూడా ఇస్తుంది. ఈసారి టోర్మడ్ కుర్చీలో నువ్వు కూర్చో.

1938 మార్చి పదిహేడో తేదీ, గురువారం, హామర్‌విక్‌లో నా వంటింటి బల్ల దగ్గర, పైన రాసిందంతా చదువుకుని, ఒక్క మాట కూడా కొట్టేయకుండా సంతకం చేస్తున్నాను.

(సంతకం) ఎఫీ మెకాలే

సాక్షులు:
హెన్రియెటా మెక్‌రే, నర్సు
ఆలిక్ గిల్లిస్, తపాలా బంట్రోతు